ఫినిష్ కట్

మా షాపులో ఏ జాబ్ మీదైనా ఆఖరి కట్ నేనే తీసేవాణ్ణి. 18 ఏళ్లు తీశాను. ఒకప్పుడు ఈ మాట మీసం దువ్వుకుంటూ చెప్పేవాణ్ణి. ఇప్పుడు గొంతు తగ్గించి చెబుతున్నాను.

షాపంటే మిషిన్ షాపు. విశాఖ గాజువాక ఆటోనగర్‌లో ఒక సందు చివర రేకుల షెడ్డు. రెండు లేతులు, ఒక రేడియల్ డ్రిల్లు, ఈ రోజుల్లో ఎవరూ ముట్టుకోని ఒక షేపరు, మూలకి వెల్డింగ్ సెట్టు. ఆరుగురు మనుషులు, వాళ్ల మీద నేను. పెద్ద కంపెనీల్లో ఇలాంటివాణ్ణి టీమ్ లీడర్ అంటారట. మా దగ్గర ఆ పదవికి పేరు లేదు. ఓనరు లేనప్పుడు అరిచేవాడు, అంతే. పంపు షాఫ్టులు, బుష్‌లు, కప్లింగులు మా పని. ఒక్కోసారి డ్రాయింగ్ ఇస్తారు. ఎక్కువసార్లు అరిగిపోయిన పాత ముక్క చేతిలో పెట్టి "ఇలాంటిదే, రేపటికల్లా" అంటారు.

లేతు ఎరగనివాళ్లకు కొంచెం చెప్పాలి. ఉక్కు కడ్డీని చక్‌కి బిగించి గిర్రున తిప్పుతూ టూల్‌తో చెక్కుతారు. మొదట రఫ్ కట్. ధాటిగా, లోతుగా, మిల్లీమీటర్లకు మిల్లీమీటర్లు లేపేస్తారు. నీలంగా కాలిన చిప్పులు చుట్టలు చుట్టుకుని ట్రేలో పడుతుంటాయి. చెయ్యి అటూ ఇటూ అయినా సర్దుకోవడానికి చోటుంటుంది. అన్నీ అయ్యాక ఫినిష్ కట్. అక్కడ లెక్క మిల్లీమీటరులో నూరో వంతు. బేరింగ్ కూర్చునే చోట రెండు మూడు నూరోవంతులు ఎక్కువ పోయాయంటే అంతవరకూ పడ్డ కష్టమంతా స్క్రాపులోకి. తీసిన ఇనుము తిరిగి అతకదు. వెల్డింగ్‌తో నింపి మళ్లీ తిప్పొచ్చనుకోండి. దాన్ని మేం మాట్లు వేసిన చొక్కా అంటాం, పార్టీకి తెలిస్తే తీసుకోడు.

అందుకని రఫ్ కట్ కుర్రాళ్లది, ఫినిష్ కట్ నాది. "గురూగారూ, సైజు దగ్గరికొచ్చింది" అని కేకేస్తారు. నేను టీ గ్లాసు పక్కన పెట్టి, చేతులు వేస్టు గుడ్డతో తుడుచుకుని, జేబులోంచి మైక్రోమీటర్ తీస్తాను. అది నా జేబులోనే ఉండేది. షాపులో అది ఒక్కటే. మిగతావాళ్ల చేతుల్లో వెర్నియర్లు, స్టీలు స్కేళ్లు. నేను మిషిన్ దగ్గర నిలబడగానే పక్కవాళ్లు కూడా చేతిలో పని ఆపి చూసేవారు. టూల్ మెల్లగా నడుస్తుంది, వెంట్రుకలాంటి చిప్పు లేస్తుంది, షాఫ్టు అద్దమైపోతుంది. కొలిచి, తలాడించి, "తియ్యండి" అని వెళ్లిపోయేవాణ్ణి. సినిమాలో ఆఖరి ఫైటు హీరోదే కదా. మిగతా ఫైట్లన్నీ చేసింది ఎవరైనా, ఈలలు దానికే.

నాకు అప్పట్లో ఎవరైనా "పని పంచడం రాదు నీకు" అని ఉంటే నవ్వేసేవాణ్ణి. పంచకపోతే ఆరుగురూ గోళ్లు గిల్లుకుంటున్నారా? పొద్దున్న వస్తూనే ఒకరికి కటింగు, ఒకరికి డ్రిల్లింగు, ఒకరికి రఫ్ టర్నింగు. ఎవరి పని వాళ్లకి. ఇందులో ఏదో తేడా ఉందని తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది. అంతకన్నా సిగ్గుపడాల్సిన విషయం, ఆ తేడా నేను చిన్నప్పటినుంచి మాట్లాడే భాషలోనే ఉంది.

తెలుగులో పని పురమాయించడం వేరు, అప్పగించడం వేరు. కొట్టుకి పోయి పావుకిలో చింతపండు తెమ్మంటే పురమాయింపు. కొట్టు తాళాలు చేతికిస్తే అప్పగింత. పురమాయించిన పని ఎంత పెద్దదైనా నాదే, నీ కాళ్లూ చేతులూ కాసేపు అరువు తెచ్చుకున్నాను. అప్పగించాక అది నాది కాదు. ఆడపిల్ల పెళ్లిలో ఆ ఘట్టానికి అప్పగింతలు అని పేరు పెట్టినవాళ్లు ఎవరోగాని వాళ్లకి దండం పెట్టాలి. పాలల్లో ముంచిన పిల్ల చేతులు అత్తమామల చేతుల్లో పెడతారు. అక్కడ ఏడవని తండ్రిని నేను చూడలేదు. పురమాయించేటప్పుడు ఎవడూ ఏడవడు.

ఇంకో తమాషా కూడా ఉంది. చిన్నప్పుడు బళ్లో ఎక్కాలు అప్పజెప్పేవాళ్లం. తాళాలు అప్పజెప్పడానికీ ఎక్కం అప్పజెప్పడానికీ ఒకటే మాట. మేష్టారు దగ్గర పుచ్చుకున్నది మేష్టారి ఎదటే, పుస్తకం మూసి, తిరిగి ఇవ్వాలి. మధ్యలో తడబడితే మంచి మేష్టారు అందించడు. ఆగుతాడు. నేను ఆగే రకం కాదు. అవతలివాడు ఏడో ఎక్కంలో ఏడు దగ్గరికి రాకముందే నేనే చెప్పేసేవాణ్ణి.

పెద్దమ్మాయి పెళ్లి గాజువాకలోనే చేశాం. ముహూర్తం రాత్రి. అప్పగింతలు అయ్యేసరికి తెల్లవారుజాము మూడు దాటింది. నేను పట్టుపంచెలో, కళ్లు ఎర్రగా, పిల్ల చేతులు పాలపళ్లెంలో ఉన్నాయి. జేబులో ఫోను మోగింది. ఆ రాత్రి ఎవరిదో పంపు ఆగిపోయి, పొద్దున్నకి షాఫ్టు ఇచ్చి తీరాలని షాపు నడుస్తోంది. ఫోనులో మా అగనంపూడి కుర్రాడు. మంచి టర్నరు, అప్పటికి నా దగ్గర ఆరేళ్లు. "గురూగారూ, బేరింగ్ సీటు దగ్గర అర మిల్లీ ఉంచీసేను. ఇప్పుడేటి చెయ్యమంటారు?"

చెప్పాల్సింది రెండు ముక్కలు. సైజింత, నువ్వే తీసెయ్. నేను అన్నది వేరు. "ముట్టుకోకు. వస్తున్నాను."

పిల్ల కారెక్కింది. మా ఆవిడ గుమ్మం దగ్గర కూలబడిపోయి ఉంటే, నేను బండెక్కి ఆటోనగర్‌కి పోయాను. పట్టుపంచె ఎగగట్టి, ఉత్తరీయం మేకుకి తగిలించి లేతు ముందు నిలబడ్డాను. పంచెతో లేతు దగ్గరికి వెళ్లడమంత బుద్ధితక్కువ పని ఇంకోటి లేదు. చుట్టుకుందంటే మనిషినే లాగేస్తుంది. వేరేవాడు అలా వస్తే మెడపట్టి గెంటేవాణ్ణి. కుర్రాడు టార్చి పట్టుకున్నాడు. ఆరేళ్లు పనిచేసిన టర్నరు, టార్చి పట్టుకున్నాడు. కట్ తీశాను. అద్దంలా వచ్చింది.

ఈ కథ ఎన్నేళ్లు చెప్పుకున్నానో లెక్కలేదు. కూతురి అప్పగింతల రాత్రి కూడా పని వదల్లేదని. వినేవాళ్లు అబ్బో అనేవారు. మా ఆవిడ మాత్రం ఈ కథ మొదలెట్టగానే లేచి లోపలికి పోయేది.

పెళ్లయిన రెండు నెలలకి ఆ కుర్రాడు పని మానేశాడు. చెన్నై పోతున్నానన్నాడు. జీతం ఎంతిస్తారని అడిగాను. చెప్పాడు, మా దగ్గరకన్నా పెద్ద తేడా ఏమీ లేదు. గది అద్దె పోగా తక్కువే. మరెందుకురా అన్నాను. కాసేపు నేలచూపులు చూసి, "అక్కడ ఎవుడి మైక్రోమీటరు ఆడికిస్తారంట గురూగారూ" అన్నాడు.

మా పక్కింట్లో ఒక పెద్దాయన ఉంటాడు. బాబాయి అంటాం. స్టీలు ప్లాంటు బ్లాస్ట్ ఫర్నేసులో ఫోర్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. మా కూర్మన్నపాలెంలో ఇలాంటి బాబాయిలు వీధికి నలుగురుంటారు. అరుగు మీద కూర్చుంటే ఇప్పటికీ రెండింటికీ పదింటికీ ఆయన చూపు రోడ్డు మీదకి పోతుంది. ఏ షిఫ్ట్ దిగే వేళ. బీ షిఫ్ట్ దిగే వేళ. కుర్రాడి సంగతి ఆయనకి చెప్పాను. ఓదారుస్తాడనుకున్నాను.

"ఫర్నేసు ఎప్పుడాగుతాదో తెలుసా నీకు?" అన్నాడు.

తెలీదన్నాను.

"ఆగదు. అదీ సంగతి."

బ్లాస్ట్ ఫర్నేసు ఒకసారి వెలిగిస్తే ఏళ్ల తరబడి రాత్రీ పగలూ మండుతూనే ఉంటుంది. పైనుంచి ఖనిజం, సింటరు, కోక్ పడుతుంటాయి. కిందనుంచి వేడిగాలి తంతూ ఉంటుంది. అడుగున 1,500 డిగ్రీల దగ్గర ఇనుము నీళ్లలా చేరుతుంటుంది. వేళకి కన్నం పొడిచి బయటికి వదలాలి, వేళకి మట్టి కొట్టి కన్నం మూసెయ్యాలి. పండగని ఆపడానికి లేదు, పెళ్లని ఆపడానికి లేదు. వైజాగ్ స్టీలు మొదటి రెండు ఫర్నేసులూ కట్టినప్పుడు ఒక్కోటి 3,200 ఘనమీటర్లు. నదుల పేర్లు పెట్టారు, ఒకటి గోదావరి, ఒకటి కృష్ణ. తర్వాత వచ్చిన మూడోదానికి అన్నపూర్ణ అని పేరు. నదుల పేర్లు పెట్టడం ఎంత బాగుందో అనిపిస్తుంది నాకు. ఎవరి రేవు దగ్గర ఎంతసేపు నిలబడ్డా గోదావరి ఎవడిదీ కాదు.

"ఎనిమిది గంటలే నాది," అన్నాడు బాబాయి. "ఎంత పోటుగాడివైనా ఎనిమిది గంటలే. రిలీవరొచ్చేదాకా కదలకూడదు, రిలీవరొచ్చేక నిలబడకూడదు. రెండోది కష్టం."

లాగ్‌బుక్కులో రాసేది సగమేనట. మిగతా సగం ఎదురుగా నిలబడి నోటితో చెప్పాలి. వేడిగాలి పోయే ఏ ట్యూయర్ గొట్టం దగ్గర అనుమానంగా ఉంది, ఏ కుర్రాడికి ఇవాళ ఒంట్లో బాలేదు, ఏ వాల్వు తిప్పితే కిర్రుమంటోంది. అవతలివాడు అడగాల్సినవన్నీ అడిగి "సరే" అనాలి. ఆ "సరే" పడ్డాక ఫర్నేసు వాడిది. బాబాయి కొత్తగా ఛార్జి తీసుకున్న రోజుల్లో, సీ షిఫ్ట్ దిగి ఇంటికొచ్చి, టిఫిను తిని, నిద్రపట్టక మళ్లీ సైకిలెక్కి గేటు దగ్గరికి పోయేవాడట, అంతా బాగుందో లేదో కనుక్కుందామని. అప్పటి ఆయన పైఅధికారి ఒకాయన పిలిచి చీవాట్లు పెట్టాడు. నువ్వు ఇంటికి పోకపోతే వాడు డ్యూటీలో ఉన్నట్టు కాదు, నీ డ్యూటీకి తోడొచ్చినట్టు, అన్నాడట.

నాకు టార్చి పట్టుకున్న చెయ్యి గుర్తొచ్చింది. ఆ రాత్రి అరుగు మీంచి లేచి ఇంట్లోకి పోతే అన్నం సహించలేదు.

ప్లాంటు మాట వచ్చింది కాబట్టి, మా కూడలి గురించి చెప్పకపోతే వెలితి. హైవే మీంచి ఉక్కునగరం వైపు తిరిగే చోట పెద్ద ఆర్చి ఉంది. ప్లాంటులో ప్రభుత్వ వాటా మొత్తం అమ్మేయడానికి 2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ సంఘం సూత్రప్రాయంగా ఒప్పుకున్నాక, ఫిబ్రవరి 12న ఆ ఆర్చి దగ్గర టెంటు వేశారు. రిలే నిరాహార దీక్షలు మొదలయ్యాయి. ఆటోనగర్‌కి పోతూ వస్తూ రోజూ చూసేవాణ్ణి. ఇవాళ ఒక డిపార్టుమెంటు, రేపు ఇంకో డిపార్టుమెంటు. నిన్న మెడలో దండతో కూర్చున్నవాడు ఇవాళ కుర్చీలు సర్దుతూ, మంచినీళ్ల క్యాన్లు మోస్తూ కనిపించేవాడు. నాయకులు లేరని కాదు, ఉన్నారు, మైకులూ ఉన్నాయి. కానీ ఆ టెంటు ఫలానా ఒక్కడిది అనడానికి వీల్లేకుండా పోయింది. 2023 నవంబరుకి వెయ్యి రోజులు దాటింది.

దీక్ష అనగానే మనకి ఒక్క మనిషి గుర్తొస్తాడు. మద్రాసులో 1952 అక్టోబరు 19న కూర్చున్న పొట్టి శ్రీరాములు 58 రోజులకి ప్రాణం వదిలాడు. ఇదే విశాఖలో 1966 అక్టోబరు 15న ఉక్కు కర్మాగారం కోసం టి. అమృతరావు కూర్చున్నాడు. ఊరంతా, రాష్ట్రమంతా కదిలింది. నవంబరు 1న కాల్పులు. ఆ ఉద్యమంలో 32 మంది పోయారు. ప్లాంటు పెడతామని ఇందిరాగాంధీ పార్లమెంటులో చెప్పేసరికి 1970 ఏప్రిల్, శంకుస్థాపనకి 1971 జనవరి. ఒక్క మనిషి ఆకలిలో ఉన్న నిప్పు రిలేలో ఉండదు, ఒప్పుకోవాలి. ఒక్కడి దీక్షకి ఊరు నిద్రపోదు. రిలే దీక్ష పక్కనుంచి బస్సులు హారన్లు కొట్టుకుంటూ పోతుంటాయి, నాలాంటివాడు బండి స్లో చేసి ఓసారి చూసి పోతాడు. కానీ ఒక్కడి దీక్షకి ఒక్క ఒంటి లెక్కే ఉంటుంది. వెయ్యి రోజులు ఏ ఒళ్లూ ఓర్చుకోదు. పంచుకుంటేనే అంత పొడుగు సాగుతుంది. ఫర్నేసు దగ్గర పనిచేసినవాళ్లు కాబట్టి నిరాహారాన్ని కూడా షిఫ్టుల్లో పెట్టగలిగారని నాకనిపిస్తుంది. వాళ్లకి ఆగకుండా మండించడం ఒంటబట్టిన విద్య.

అప్పగింత అనే మాటకి ఈ నేల మీద ఇంకో బరువు కూడా ఉంది. ప్లాంటు కోసం 60కి పైగా ఊళ్లు ఖాళీ అయ్యాయి. ఆ ఊళ్లవాళ్లని అగనంపూడి, వడ్లపూడి, పెదగంట్యాడ వైపు కాలనీల్లో పెట్టారు. చేతిలో నిర్వాసితుల ఆర్ కార్డు పెట్టారు. కార్డున్న ఇంటికల్లా ఉద్యోగం రాలేదు. చెన్నై పోయిన మా కుర్రాడి తాత అలాంటివాళ్లలో ఒకడు. జీడితోట, కొబ్బరిచెట్లు, పుట్టినూరు అప్పగించిన ఇంటి పిల్లవాడికి నేను ఆరేళ్లలో ఒక మైక్రోమీటర్ అప్పగించలేకపోయాను. ఈ లెక్క నాకు వాడు పోయిన చాలా రోజులకి తట్టింది.

మా చిన్నమ్మాయికి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఈ మధ్య టీమ్ లీడ్ చేశారు. పని పంచడం మీద కంపెనీ వాళ్లు రెండు రోజులు క్లాసు పెట్టారట. ఏం చెప్పారమ్మా అంటే ఒక బొమ్మ చూపించింది, నాలుగు గళ్లు, బాణాలు. నేను రామాయణం చదువుకో అన్నాను. నవ్వింది. నేను సరదాకి అనలేదు.

వాల్మీకి కిష్కింధాకాండలో సుగ్రీవుడు సీతను వెతకడానికి నాలుగు దిక్కులకీ నాలుగు దళాలను పంపుతాడు. నెల గడువు. దక్షిణానికి వెళ్లిన దళానికి నాయకుడు అంగదుడు. పెద్దవాడేం కాదు, యువరాజు. గడువు దాటిపోయింది, సీత జాడ లేదు, ఎదురుగా సముద్రం. తిరిగి వెళితే సుగ్రీవుడు చంపుతాడని దళమంతా ఒడ్డున ప్రాయోపవేశానికి కూర్చుంటుంది. మా ఆర్చికన్నా ముందే సముద్రం ఒడ్డున నిరాహార దీక్ష నడిచిందన్నమాట. సంపాతి వచ్చి జాడ చెప్పాక అంగదుడు చేసిన పని చూడండి. ఎవరెంత దూరం దూకగలరో ఒక్కొక్కరినీ అడుగుతాడు. పది యోజనాలని ఒకడు, ఇరవై అని ఒకడు, ముప్పై అని ఒకడు. సిగ్గుపడకుండా చెబుతారు. జాంబవంతుడు వయసైపోయింది, తొంభై దాకా అంటాడు. కావలసింది నూరు. అప్పుడు అంగదుడు, నూరు నేను దూకగలను, తిరిగి రాగలనో లేదో అనుమానం అంటాడు.

ఇదిగో ఇక్కడే ఉంటే నేను కూడా దూకేసేవాణ్ణి. పట్టుపంచెతోనే.

జాంబవంతుడు ఆపుతాడు. నువ్వు దూకలేక కాదు నాయనా, నువ్వు పంపేవాడివి, నిన్ను పంపకూడదు, అనే అర్థంలో మాట్లాడతాడు. వేరును కాపాడుకుంటేనే చెట్టు నిలుస్తుందన్న ధోరణిలో నచ్చజెబుతాడు. తర్వాత ఓ మూల మాట్లాడకుండా కూర్చున్న హనుమంతుడి దగ్గరికి వెళ్లి, నీ బలం నువ్వే మరిచావు అని గుర్తుచేస్తాడు. ఆ మూలన కూర్చున్నవాణ్ణి చూడడం పెద్ద విద్య. నా షాపులో టార్చి పట్టుకున్నవాడు సరిగ్గా ఆ మూలనే ఉన్నాడు. నాకు జాంబవంతుడు లేడు, ఉన్నా వినేవాణ్ణి కాదు.

ఇంకో సంగతి. దళాలు బయల్దేరే ముందే రాముడు తన ఉంగరం హనుమంతుడి చేతికిచ్చాడు. పని చెప్పి ఊరుకోలేదు, చూపించడానికి గుర్తు ఇచ్చాడు. అది లేకపోతే అశోకవనంలో సీత ఎందుకు నమ్ముతుంది? మా ఆటోనగర్‌లోనే కాదు, ఎక్కడ చూసినా జరిగేదేమంటే ఉంగరం ఇవ్వకుండా లంకకి పంపడం. "స్టోరు నువ్వు చూసుకో" అంటారు, స్టోరు తాళం జేబులో ఉంటుంది. "పార్టీతో నువ్వే మాట్లాడు" అంటారు, రేటు మాత్రం నన్నడిగి చెప్పు అంటారు. వెళ్లినవాడు అక్కడ వెర్రిముఖం వేసుకు నిలబడతాడు. ఇక లంక కాల్చమని హనుమంతుడికి ఎవరూ చెప్పలేదు. తిరిగొచ్చాక, నిన్ను చూసి రమ్మంటే కాల్చి వస్తావా అని రాముడు సంజాయిషీ అడగలేదు, కౌగిలించుకున్నాడు. ఈ భాగం నాలుగు గళ్ల బొమ్మలో ఎక్కడుందో చూడమని అమ్మాయికి చెప్పాను.

అమ్మాయి ఊరుకోలేదు. "మరి అందరూ హనుమంతులే ఉంటారా నాన్నా?" అంది.

ఉండరు. మా పెదగంట్యాడ వెల్డరునే తీసుకోండి. చేతిపని చూస్తే ముచ్చటేస్తుంది, కుట్టుమిషిను కుట్టు. కుర్రాడు పోయాక నాకు జ్ఞానోదయమై, వెల్డింగ్ వైపంతా ఇకనుంచి నీదే, రాడ్లు నువ్వే కొను, మనుషుల్ని నువ్వే పెట్టుకో అన్నాను. ఏదో వరమిస్తున్నట్టు మొహం పెట్టి ఉంటాను. వాడు హెల్మెట్ పైకెత్తి, "నాకెందుకు గురూగారూ. జీతం అదే, తిట్లు మాత్రం నావా?" అని మళ్లీ హెల్మెట్ దించుకున్నాడు.

సమాధానం దొరకలేదు. ఇప్పటికీ పూర్తిగా లేదు. అధికారం ఇస్తున్నామని చెప్పి నెత్తిన బరువు దించుకునేవాళ్లని చూసి చూసి ఉన్నాడు వాడు. రాడ్లు తక్కువ పడితే ఎవరు పడాలి మాట? వాడే. మిగిలితే ఎవరికి పేరు? ఆ సంగతి నేను చెప్పనేలేదు. పైగా, సాయంత్రం ఆరింటికి హెల్మెట్ తీసి పిల్లల్ని ట్యూషన్ నుంచి తెచ్చుకోవడమే వాడికి కావలసింది. అందులో తప్పేముంది? పెత్తనం అందరికీ ఇష్టమనుకోవడం పెత్తనం చేసేవాళ్ల భ్రమ. వాడి జోలికి మళ్లీ పోలేదు. అయితే రాడ్లు ఏ కంపెనీవి కొనాలో వాణ్ణి అడక్కుండా కొనడం మానేశాను. అది వాడికి నచ్చింది.

అడగడం అన్నాను కాబట్టి గుర్తొచ్చింది. హైదరాబాదు రామచంద్రాపురం భెల్‌లో 1980లో ఎస్.ఆర్. ఉడ్పా అనే ఆయన కార్మికుల్ని చిన్న చిన్న బృందాలుగా కూర్చోబెట్టి, మీ పనిలో ఉన్న చిక్కులేంటో మీరే తేల్చండి అన్నాడు. మన దేశంలో క్వాలిటీ సర్కిళ్లు అలా మొదలయ్యాయి. జపానులో ఇషికావా అనే ఆయన 1962 నుంచే ఆ పని నడిపిస్తున్నాడు. బాబాయి కూడా అలాంటి సర్కిల్లో ఉండేవాడట, బహుమతిగా ఇచ్చిన స్టీలు గిన్నె ఇంకా వాళ్లింట్లో ఉంది. జపాను టయోటావాళ్లు ఇంకో మెట్టు ఎక్కారు. లైను పొడవునా తాడు కట్టారు. తేడా కనిపిస్తే ఎవడైనా లాగొచ్చు, సరిచెయ్యడం కుదరకపోతే లైను ఆగిపోతుంది. కోట్ల రూపాయల లైనుని ఆపే తాడు కూలివాడి నెత్తి మీద వేలాడుతూ ఉండడం నాకు ఊహకి కూడా అందలేదు చాలా రోజులు. అభిప్రాయం అడగడం సులువు. గిన్నె ఇచ్చి పంపెయ్యొచ్చు. తాడు ఇవ్వడానికి గుండె కావాలి.

నేను నా తాడు ఇవ్వడానికి రెండేళ్లు పట్టింది. కొత్తగా చేరిన కుర్రాడు, ఐటీఐ చదివాడు, దువ్వాడ వైపునుంచి సైకిలు మీద వస్తాడు. మొదట షాఫ్టు ఇచ్చే ధైర్యం లేక ఇత్తడి బుష్ ఇచ్చాను. మైక్రోమీటర్ జేబులోంచి తీసి వాడి చేతిలో పెట్టాను. పెట్టాక వాడి వెనకే నిలబడ్డాను. మొదటి బుష్ పాడైంది, బోరు పెద్దదైపోయింది. రెండోదీ పాడైంది. ఇత్తడి రేటు తెలిసినవాళ్లకి నా గుండె ఎలా కొట్టుకుందో తెలుస్తుంది. మూడోదాని దగ్గర నా చెయ్యి నాకు తెలియకుండానే హ్యాండిల్ మీదకి పోయింది. కుర్రాడు మిషిన్ ఆపాడు. ఆపి, చాలా మర్యాదగా, "గురూగారూ, మీరెనకాల నిలబడితే నా చెయ్యి వణుకుతోంది. అలా టీ తాగి రండి" అన్నాడు.

ఇరవైయేళ్ల కుర్రాడు నన్ను నా షాపులోంచి బయటికి పంపాడు.

మూడోదీ పాడైంది, అది వేరే సంగతి. సాయంత్రం ఓనరు మూడు బుష్‌లేంటని అడిగితే నా లెక్కలో రాయమన్నాను. కుర్రాడి ఎదట అనలేదు. అంటే అది మళ్లీ నా సినిమా అయ్యేది.

మా కూర్మన్నపాలెం పేరులో కూర్మం, అంటే తాబేలు ఉంది. కూర్మన్న, కూర్మారావు, కూర్మయ్య, మా ఉత్తరాంధ్రలో ఇంటికొకరు ఉంటారు, అంతా శ్రీకూర్మం దేవుడి చలవ. క్షీరసాగరం చిలికినప్పుడు దేవతలూ రాక్షసులూ చెరోవైపు తాడు లాగారు. ఆ తాబేలు తాడు పట్టలేదు. అడుగున ఉండి కొండని మోసింది. ఎవరికీ కనబడలేదు కూడా. ఇన్నేళ్లు ఈ ఊళ్లో ఉండి నేను తాడు కోసమే కొట్టుకున్నాను.

మొన్న శనివారం పంపు షాఫ్టు వచ్చింది. పెద్దది, మామూలు మెటీరియల్ కాదు, మంచి అల్లాయ్ స్టీలు, పాడైతే ఓనరు లెక్కలో రాసుకోవడానికి కూడా చోటు చాలదు. దువ్వాడ కుర్రాడు రఫ్ కట్ పొద్దున్నే ముగించాడు. మధ్యాహ్నం నా వైపు చూశాడు. కేకెయ్యలేదు, చూశాడంతే. సైజెంతో, ఎంత టాలరెన్సో వాడే చెప్పాడు. ఒకటి రెండు ప్రశ్నలు అడిగాను. వేడి మీద కొలుస్తావా, చల్లారాకా అన్నాను. చల్లారాక అన్నాడు. సరే అన్నాను.

సందు మొదట్లో టీ బడ్డీ ఉంది. బెంచీ మీద కూర్చుంటే మా షెడ్డు లోపలి చప్పుడు వినిపిస్తుంది. పక్క షెడ్డులో గ్రైండింగు, రోడ్డు మీద లారీలు, అయినా 18 ఏళ్ల చెవి, మన లేతు మనకి తెలుస్తుంది. మోటారు ఆన్ అయింది. రఫ్ కట్‌కి లేతు గొణుగుతుంది, ఫినిష్ కట్‌కి సన్నగా ఈలవేస్తుంది. ఈల మొదలైంది. బడ్డీ అమ్మాయి గ్లాసు తెచ్చి పెట్టింది. ఈల సాగింది, సాగింది, ఉన్నట్టుండి ఆగిపోయింది.

ఆగాల్సిన చోటే ఆగిందా, మధ్యలో ఆగిందా చెవికి తెలియలేదు. కాళ్లు లేవబోయాయి. టీ వేడిగా ఉంది. ఇంకో రెండు బిస్కెట్లు ఇవ్వమ్మా అన్నాను.